స్లర్మ్‌తో మూడేళ్లు: ఒక్క లైన్ రాయక క్యూ ఆగింది

మా కాలేజీ క్లస్టర్, అంటే కలిపి వాడే కంప్యూటర్ల గుంపు, పెద్దదేం కాదు. 18 నోడ్లు (ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్), జీపీయూలున్నవి రెండే. వాడేది మాత్రం నాలుగు డిపార్ట్‌మెంట్ల వాళ్లు. వాళ్లు పంపే పనుల్ని, అంటే జాబ్‌లని, క్యూలో పెట్టి నడపడానికి మూడేళ్లుగా స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను.

ఇది అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టింది. ఓపెన్ సోర్స్, లైసెన్స్ ఫీజు లేదు. పేరున్న సూపర్ కంప్యూటర్లు చాలావాటిలో ఇదే నడుస్తోంది. ఇన్‌స్టాల్ చేయడం నాకు పెద్ద కష్టమనిపించలేదు. చుక్కలు చూపించింది క్యూలు సర్దడమే. వాటిని ఇందులో పార్టిషన్లంటారు.

టెస్టులకు గంట, మామూలు పనులకు 7 రోజులు అని మాక్స్‌టైమ్ (జాబ్ నడవగలిగే గరిష్ఠ సమయం) పెట్టాను. డిఫాల్ట్‌టైమ్ (టైమ్ అడగని జాబ్‌కిచ్చే సమయం) రాయలేదు. అది రాయకపోతే, టైమ్ అడగని ప్రతి జాబ్‌కూ మాక్స్‌టైమ్ మొత్తం రాసేసుకుంటుంది. మా పిల్లలేమో ఒకరి స్క్రిప్ట్ ఒకరు కాపీ కొట్టే రకం, టైమ్ లైన్ ఎవరూ రాయరు. ఇరవై నిమిషాల పని కూడా వారం పనిలా కనిపించేది. ఓ పొద్దున చూస్తే 5 నోడ్లు ఖాళీ, క్యూలో 40 జాబ్‌లు, కారణం దగ్గర ‘ప్రయారిటీ’ అన్న ఒక్క ముక్క. "మెషిన్లు ఖాళీగానే ఉన్నాయి కదా సార్, నాదెందుకు కదలట్లేదు?" అని కెమిస్ట్రీ అమ్మాయి అడిగితే నా దగ్గర జవాబు లేదు.

తర్వాత అర్థమైంది. మెస్‌లో ఎనిమిది మంది కుటుంబం పెద్ద టేబుల్ కోసం ఆగిందనుకోండి. ఈలోపు ఒకడు ఖాళీ కుర్చీలో కూర్చుని ఇడ్లీ తినేసి పోతే ఎవరికీ నష్టం లేదు. పెద్ద జాబ్ ఆగి ఉండగా చిన్నవాటిని ఖాళీ నోడ్లలో ఇలా దూర్చడాన్నే స్లర్మ్‌లో బ్యాక్‌ఫిల్ అంటారు. కానీ ఎంతసేపు కూర్చుంటావంటే వాడు ‘వారం’ అన్నాడంటే, ఎవరు కూర్చోబెడతారు?

డిఫాల్ట్‌టైమ్ గంట చేశాను. బ్యాక్‌ఫిల్ ఎంత ముందుకు చూడాలో చెప్పే బీఎఫ్ విండో మామూలుగా 1440 నిమిషాలు, అంటే ఒక్కరోజే. మా 7 రోజుల జాబ్‌లకు అది చాలదు కాబట్టి 10080 చేశాను. మధ్యాహ్నానికల్లా చిన్న జాబ్‌లు సందుల్లో దూరిపోయాయి. అదే రాత్రి పదకొండింటికి ఫోన్: "సార్, గంట కాగానే నా రన్ చచ్చిపోయింది!" మెయిల్ పెట్టాను, చదివితేగా!

ఫెయిర్‌షేర్ బాగుంది, ఎక్కువ వాడినవాళ్లను వెనక్కి నెడుతుంది. పాత వాడకం బరువు 7 రోజులకోసారి సగమవుతుంది. అయితే ప్రయారిటీలో దేనికెంత విలువో చెప్పే వెయిట్లన్నీ మొదట సున్నాలే, మనమే నింపుకోవాలి. ఎవరెంత వాడారన్న లెక్కలకు డేటాబేస్ వేరుగా నడపడం ఇంకో చాకిరీ.

అయిదుకి నాలుగిస్తాను. ఆ తగ్గించిన ఒకటి, జాబ్ ఎందుకు ఆగిందో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకున్నందుకు. ఇప్పుడు ఆ కెమిస్ట్రీ అమ్మాయి స్క్రిప్ట్‌లో నలభై నిమిషాలని రాస్తోంది. మిగతావాళ్లు దాన్నే కాపీ కొడుతున్నారు, పని మూడు గంటలదైనా సరే.