వారెంటు లేని సోదా: తిరుపతిలో మాకు అందిన న్యాయ సలహా

కొర్లగుంటలో గదులు అద్దెకిచ్చే మా అన్నయ్య ఇంటికి గత నెల ఒక రాత్రి పోలీసులు వచ్చి, వారెంటు చూపకుండానే ఒక గదిని సోదా చేసి, అందులో ఉంటున్న వ్యక్తి సెల్‌ఫోన్ పట్టుకెళ్లారు. మరునాడు మేము తిలక్ రోడ్డు సమీపంలోని ఒక క్రిమినల్ న్యాయవాదిని సంప్రదించాము.

వారెంటు లేదు కనుక అంతా అక్రమమేనని ఆయన చేత అనిపించుకోవాలని మా ఆశ. ఆయన ఆ మాట అనలేదు. నాకు ఆయనపై గురి కుదిరింది అక్కడే. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 185వ సెక్షన్ ప్రకారం, ఆలస్యమైతే ఆధారం దొరకదని నమ్మడానికి తగిన కారణం ఉన్నప్పుడు దర్యాప్తు అధికారి వారెంటు లేకుండా సోదా చేయవచ్చునని, కానీ ఆ కారణాన్నీ, వెతకబోయే వస్తువునూ ముందే రాసిపెట్టాలని, సోదాను వీడియో తీయాలని, ఆ రాతప్రతులను 48 గంటలలోగా మేజిస్ట్రేటుకు పంపాలని ఓపికగా వివరించారు. ఆ ఇంటివారు దరఖాస్తు చేసుకుంటే మేజిస్ట్రేటు వాటి నకళ్లను ఉచితంగా ఇప్పించాలట. ఇది మాకు బొత్తిగా తెలియదు. సోదాకు సాక్షులుగా స్థానికులైన ఇద్దరు మధ్యవర్తులు ఉండాలని, స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా ఇవ్వాలని కూడా చెప్పారు. అన్నయ్యకు అటువంటి జాబితా ఏదీ అందలేదు. నకళ్ల కోసం దరఖాస్తును న్యాయవాది అప్పటికప్పుడే తయారుచేసి ఇచ్చారు.

అన్నయ్యకు 64 ఏళ్లు. అరెస్టు చేస్తారేమోనని ఆయన భయం. ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాలలో సాధారణంగా ముందు, పోలీసుల ఎదుట హాజరుకావాలని అదే సంహితలోని 35(3) సెక్షన్ కింద నోటీసు ఇస్తారని, పాత కోడ్‌లోని 41ఎ నోటీసు అదేనని, దానికి హాజరవుతున్నంత కాలం కారణాలు నమోదు చేయకుండా అరెస్టు చేయరాదని, మూడేళ్లలోపు శిక్షపడే నేరమైతే అరవై దాటినవారిని అరెస్టు చేయడానికి డీఎస్పీ స్థాయి అధికారి ముందస్తు అనుమతి కావాలని న్యాయవాది చెప్పారు. అది విన్న తరువాతే వదిన ముఖం తేటపడింది.

ఒక్క లోపం మాత్రం చెప్పక తప్పదు. రాసిచ్చిన సలహా పూర్తిగా ఇంగ్లీషులో ఉన్నందున, ఎవరి కోసం వెళ్లామో ఆ అన్నయ్యే దానిని చదువుకోలేకపోయారు. రుసుము వెయ్యి రూపాయలు. అంత ఇచ్చుకోలేనివారు న్యాయ సేవాధికార సంస్థ 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చునని, మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ, కస్టడీలో ఉన్నవారికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం లభిస్తుందని ఆయనే చెప్పి పంపారు.