పాత మినీలో హోండా ఇంజన్: ఆరేళ్లు, 41 వేల కిలోమీటర్ల తర్వాత

ముందే చెప్పేస్తున్నా, ఇది బండి కొత్తగా చేతికొచ్చిన ఊపులో రాస్తున్నది కాదు. ఆ ఊపు రెండో ఏడాదికే దిగిపోయింది. పాత మినీ బాడీలో హోండా బి16 ఇంజన్ పెట్టించి ఆరేళ్లయింది. మీటరు మీద 41 వేల కిలోమీటర్లు తిరిగాయి. ఈ ఆరేళ్లలో ఎంత లేదన్నా ఒక ఏడాది బండి జాకీల మీదే గడిపింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1956లో సూయెజ్ కాలువ గొడవతో పెట్రోలుకి కటకట వచ్చాక, తక్కువ తాగే చిన్న కారు కావాలంటే అలెక్ ఇసిగోనిస్ గీసిన బ్రిటిష్ బండి ఈ మినీ, 1959లో వచ్చింది. పొడవు మూడు మీటర్ల ఐదు సెంటీమీటర్లు, 848 సీసీ, 34 హార్స్‌పవర్. ఇంజన్‌ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్స్‌ని దాని కింద సంప్‌లోనే (ఇంజన్ ఆయిల్ నిలిచే తొట్టి) ఇరికించి, రెండింటికీ ఒకటే ఆయిల్ పోసి, చక్రాల్ని నాలుగు మూలలకీ నెట్టేశాడు. రేసు కార్లు కట్టే జాన్ కూపర్ 1961లో దాన్ని 997 సీసీ, 55 హార్స్‌పవర్ చేశాడు. తర్వాత వచ్చిన ఇంకా జోరైన కూపర్ ఎస్ మినీలు 1964, 65, 67లో మాంటే కార్లో ర్యాలీ కొట్టాయి. ఇప్పుడు నా దాంట్లో ఉన్నది 1595 సీసీ, 160 హార్స్‌పవర్. కాటా ఎక్కిస్తే బండి 720 కిలోలు తూగింది. ఇక లెక్క మీరే వేసుకోండి.

వేగం గురించి పెద్దగా చెప్పను, వీడియోలు బోలెడున్నాయి. 5,500 ఆర్‌పీఎం దాటాక వీటెక్ (వాల్వులు ఇంకా ఎక్కువ తెరుచుకునేలా చేసే హోండా ఏర్పాటు) అందుకుంటుంది, గొంతు మారిపోతుంది, నిజంగానే ఒళ్లు జలదరిస్తుంది. కానీ రెండో గేర్లో పూర్తిగా తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగేస్తుంది, రెండు చేతులతో పట్టుకుని కుస్తీ పట్టాల్సిందే. ఒక చక్రమే జారి తిరక్కుండా రెండింటికీ బలం పంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వేయించాక చక్రం ఊరికే తిరగడం తగ్గింది గానీ, ఆ లాగుడు పూర్తిగా పోలేదు. అయితే ఆరేళ్ల తర్వాత కూడా నన్ను ఈ బండి తీయించేది ఆ 160 కాదు. గంటకు 40, 50లో మెలికల రోడ్డు మీద స్టీరింగ్ ఇలా అంటే ముక్కు అలా తిరుగుతుంది చూడండి, దాని కోసం. ఆ గుణం 34 హార్స్‌పవర్ రోజుల నుంచీ ఉన్నదే. ఇంజన్ తెచ్చింది కాదు. నేను డబ్బు పోసిందేమో ఇంజన్‌కి.

ఇక అసలు బాధ. కట్టినవాళ్లు (పేరు చెప్పను, మనుషులు మంచివాళ్లే) వెనక సస్పెన్షన్‌లో రబ్బరు కోన్లు పీకేసి కాయిలోవర్లు (షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉక్కు స్ప్రింగు ఉండేవి) బిగించారు. చాలా మినీల్లో ఉక్కు స్ప్రింగులుండవు, అలెక్స్ మౌల్టన్ చేసిన రబ్బరు కోన్లే స్ప్రింగులు. బరువు పడేకొద్దీ గట్టిపడతాయి, ఆ బరువు సబ్‌ఫ్రేమ్ (బాడీ కింద బిగించే ఉక్కు చట్రం) మోస్తుంది. షాక్ అబ్జార్బర్‌ని పైన బిగించే చోటు ఉన్నది ఊపు ఆపడానికే, బండిని మోయడానికి కాదు. కాయిలోవర్ పెడితే బరువంతా వచ్చి అక్కడే కూర్చుంటుంది. ఈ సంగతి నాకు మూడో ఏడాది తెలిసింది. గుంతలో దిగినప్పుడల్లా వెనక ఎడమ నుంచి రేకు డబ్బాలో గోళీ కొట్టుకున్నట్టు ఒక చప్పుడు. బుష్‌లు మార్చాం, పోలేదు. సైలెన్సర్ కొత్త హ్యాంగర్ల మీద వేలాడదీశాం, పోలేదు. చివరికి డిక్కీలో పెట్రోలు ట్యాంకు విప్పి పక్కకి జరిపి టార్చి వేసి చూస్తే, బిగింపు చుట్టూ రంగు మీద వెంట్రుకంత గీత. గోటితో గీకితే రంగు పెచ్చు లేచింది, కింద బొటనవేలంత పగులు. వెల్డింగ్ చేయించి, లోపల ప్లేటు వేయించి, మళ్లీ రబ్బరు కోన్లకే వచ్చాను. నడకా బాగుపడింది, ఆశ్చర్యమేమీ లేదు.

రెండోది ట్యాంకు. కార్బురేటర్ కోసం చేసిన ట్యాంకుకి ఇంజెక్షన్ పంపు తగిలించి వదిలేశారు. పెట్రోలు పావు ట్యాంకుకి దిగాక పొడవాటి మలుపులో పెట్రోలు ఒక మూలకి పోయి పంపు గాలి పీల్చేది, సరిగ్గా మలుపు మధ్యలో ఇంజన్ ఒక్క క్షణం చచ్చిపోయేది. వెనక లారీ ఉన్నప్పుడు ఒకసారి అలా అయింది, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. స్విర్ల్ పాట్ (పంపుకి ఎప్పుడూ పెట్రోలు అందేలా కొంత నిలవ ఉంచే చిన్న డబ్బా) పెట్టించాక ఒక్కసారి కూడా రాలేదు. మొదటి రోజే పెట్టాల్సిన వస్తువు.

హైవే మీద మాత్రం డీలా పడుతుంది. చక్రాలు 13 అంగుళాలవి, గేర్లేమో అంతకంటే పెద్ద చక్రాలున్న కారుకి చేసినవి, దాంతో అయిదో గేర్లో 100కే ఇంజన్ దాదాపు 4,000 తిరుగుతుంది. గంటసేపు దాటితే పక్కవాళ్లతో మాట్లాడాలంటే అరవాలి. బ్రేకులు బాగున్నాయి, అవి మొదటి నుంచీ బాగున్నాయి. ఎయిర్‌బ్యాగులు లేవు, ఏదైనా తగిలితే ముందు అందేది మన మోకాళ్లే, అది మర్చిపోయి నడపొద్దు. బండి పల్టీ కొడితే కాపాడేందుకు లోపల పూర్తి రోల్ కేజ్ (ఇనప గొట్టాల పంజరం) వేస్తామన్నారు, వద్దన్నాను. రోజూ హెల్మెట్ లేకుండా తిరిగే బండిలో తల పక్కన ఇనప గొట్టం నాకిష్టం లేదు. తుప్పు సంగతి అడగకండి, అతుకుల్లో ఎక్కడో ఒకచోట పని ఉంటూనే ఉంటుంది.

అమ్ముతావా అంటే అమ్మను. మళ్లీ కట్టించుకుంటే మాత్రం బి16 జోలికి పోను. మినీ సొంత పాత 1275 సీసీ ఇంజన్‌నే బాగు చేయించి, మిగిలిన డబ్బు సస్పెన్షన్ మీదా, రేకు పని మీదా పెడతాను. కాకపోతే ఇలాంటిది కట్టినది కట్టినట్టు సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకుంటే, హార్స్‌పవర్ కాగితం పక్కన పెట్టి, వెనక కాయిలోవర్లున్నాయేమో చూడండి. ఉంటే డిక్కీలో ట్యాంకు జరిపి చూపించమనండి. కుదరదంటే అక్కణ్నుంచి వచ్చేయండి.