ఏసీనా, కూలరా, మిద్దెకు సున్నమా: కడప ఎండలకు ఏది మేలు?

మార్చి సగం దాటిందంటే కడపలో ప్రతి ఇంట్లో ఒకటే చర్చ, ఈసారైనా ఏసీ పెట్టిద్దామా, లేదంటే పాత కూలర్‌కే గడ్డి మార్పించి నెట్టుకొద్దామా అని. ఈ రెంటి మధ్యే కొట్టుకుంటాం గానీ మూడోది ఒకటుంది, మిద్దెకు సున్నం కొట్టడం. అన్నిటికంటే చవక. అయినా ఎవరూ లెక్కలోకి తీసుకోరు, దానికి ఆఫర్లూ లేవు, ఈఎంఐలూ లేవు కదా. ముందే చెప్పేస్తున్నా, నా ఓటు మొదట సున్నానికి, తర్వాత కూలర్‌కి, ఏసీకి చివర్న, అదీ ఇంట్లో ఒక్క గదికి. మీ ఇంటి పరిస్థితి వేరైతే వరస మార్చుకోండి.

అసలు రాత్రి పదకొండైనా ఇల్లు ఎందుకు ఉడికిపోతుంది? వీధిలోకి వస్తే గాలి కాస్త చల్లబడే ఉంటుంది, లోపలికి అడుగుపెడితే మళ్లీ ఉక్క. పై అంతస్తులో ఉండేవాళ్లు ఆ టైంలో మంచమెక్కి స్లాబ్‌కి అరచెయ్యి ఆనించి చూడండి, ఇంకా వెచ్చగానే తగులుతుంది. పొద్దంతా ఎండ తాగిన కాంక్రీటు సాయంత్రం నుంచి ఆ వేడినంతా కిందికి వదులుతుంది కాబట్టి, ఫ్యాన్ ఎంత స్పీడులో పెట్టినా అది మన నెత్తిన పోసేది ఆ వేడిగాలినే. ఆ స్లాబ్ సంగతి చూడకుండా ఎన్ని మిషన్లు పెట్టినా, మంట తగ్గించకుండా పొంగే పాల మీద నీళ్లు చల్లుతూ కూర్చోవడమే.

మన పాత మట్టి మిద్దెలకు ఈ బాధ తక్కువ. పైన మందంగా చౌడు మన్ను, చుట్టూ లావుపాటి గోడలు, కింద నేలకు ఆనుకున్న బండ. అన్నట్టు కడప బండ చల్లగా ఉంటుందని రెండో అంతస్తులో కూడా ఏరికోరి వేయించుకుంటారు కొందరు. ఆ చల్లదనంలో ఎక్కువ భాగం కింద ఉన్న భూమిది, బండది కాదు. పైకి మోసుకెళ్తే భూమి వెంట రాదు.

ఇక సున్నం. రాత్రే నానబెట్టి పెట్టుకోవాలి, రాళ్ల సున్నమైతే నీళ్లు పోయగానే బుసబుసమని ఉడుకుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, కళ్లలో చుక్క పడినా ప్రమాదమే. పొద్దున గుడ్డలో వడగట్టి, పట్టు కోసం కాస్త ఫెవికాల్ కలిపి, మిద్దెను ఊడ్చి కడిగి ఆ తడి ఆరకముందే అడ్డంగా ఒక కోటు, అది ఆరాక నిలువుగా ఇంకో కోటు. ఎండెక్కకముందే పని అయిపోవాలి. తెల్లగా ఉన్న మిద్దె ఎండను తిప్పికొడుతుంది, దాంతో పై అంతస్తు గదిలో వేడి సుమారు 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గుతుంది. ఈ 2 డిగ్రీలకేనా ఇంత హడావుడి అనకండి, కరెంటు అవసరం లేకుండా, ఇంట్లో ఎవరున్నా లేకున్నా, పగలంతా పనిచేసేది ఇదొక్కటే. తెలంగాణ ప్రభుత్వం 2023లో మిద్దెలు ఎండను తిప్పికొట్టేలా ఉండాలని ఏకంగా కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందంటే ఊరికే కాదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. దుమ్ము పడి మాసిపోతుంది, వానలకు కరుగుతుంది, ఏటా ఉగాదికి ముందు మళ్లీ కొట్టాల్సిందే. మిద్దె మీద వడియాలు పెట్టుకునే ఇళ్లలో ఆడవాళ్లు ఒప్పుకోరు, చీర పరిచినా అంచులకు తెల్లపొడి అంటుకుంటుందని. ఒక మూల నాలుగు బండల జాగా వదిలేస్తే ఆ గొడవ ఉండదు. ప్రతి ఏడూ కొట్టే ఓపిక లేకపోతే డబ్బాల్లో వచ్చే కూల్ రూఫ్ పెయింటు ఉంది, ఖర్చు ఎక్కువ, కొన్నేళ్లు ఉంటుంది. మీ పైన ఇంకో అంతస్తు ఉంటే మాత్రం ఈ పేరాలు మీకు కాదు, నేరుగా తర్వాతి పేరాకు పోండి.

ఏసీ, కూలర్ విషయానికొస్తే షాపువాడు చెప్పేది మిషన్ ధర, మనల్ని ముంచేది కరెంటు శ్లాబు. మన రాష్ట్రంలో 2022లో పెట్టిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్ 4.50 రూపాయలు, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, అది దాటితే 400 దాకా 8.75. మామూలుగా 125 యూనిట్లు కాల్చే ఇల్లు అనుకుందాం. టన్నున్నర ఏసీ మన ఎండల్లో రాత్రికి 8 గంటలు తిరిగితే దగ్గరదగ్గర 7 యూనిట్లు, నెలకు 210. అందులో మొదటి 100 యూనిట్లు 6 రూపాయల శ్లాబులో, మిగతా 110 యూనిట్లు 8.75 శ్లాబులో పడతాయి, అంటే అదనంగా 1,560 రూపాయల పైమాటే, దాని మీద సుంకాలు, సర్దుబాటు చార్జీలు వేరే. 180 వాట్ల కూలర్ రాత్రికి 10 గంటలు తిప్పినా నెలకు 54 యూనిట్లు, 324 రూపాయలు. తేడా చూశారుగా. ఏసీ వల్ల బిల్లు పెరగడమే కాదు, ఇల్లు ఏకంగా పై శ్లాబుకు ఎక్కుతుంది.

చల్లదనం సంగతో? ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర గాలి పొడిగా ఉంటుంది, కూలర్‌కి అదే బలం. బయట 42 డిగ్రీలుండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే, గడ్డి బాగా తడిసిన కూలర్ 28, 29 డిగ్రీల గాలి ఇస్తుంది, అది మనిషి హాయిగా నిద్రపోయే గాలే. సముద్రం పక్కనుండే నెల్లూరోళ్లకు ఈ వరం లేదు. కానీ కూలర్‌ను ఏసీలాగా వాడేవాళ్లే ఎక్కువ, తలుపులు, కిటికీలు బిగించి తిప్పుతారు, గంటకల్లా గది చెమ్మెక్కి దుప్పటి ఒళ్లంతా అతుక్కుంటుంది, ఇక కూలర్ పనికిరాదని తిడతారు. కూలర్ కిటికీ బయట ఉండాలి, ఎదురుగా ఇంకో కిటికీ తెరిచి ఉండాలి, దానికి దోమల జాలీ ఉండాలి. లోపలికి ఎంత గాలి వస్తే అంత బయటికి పోవాలి, అంతే.

జూన్ తర్వాత మబ్బు పట్టి గాలిలో తేమ పెరిగాక కూలర్ చేతులెత్తేస్తుంది. అప్పుడు పంపు ఆపేసి ఉత్త ఫ్యాన్‌లా తిప్పుకోవడమే. ఏసీకి ఆ ఇబ్బంది లేదు, అది నిజంగా దాని గొప్ప.

కూలర్‌కి ఇంకో పెద్ద లెక్క ఉంది, నీళ్లు. 50 లీటర్ల ట్యాంకు రాత్రి నింపితే తెల్లారేసరికి అడుగంటుతుంది. కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో, ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడే ఇంట్లో, దీన్ని పర్యావరణానికి మంచిది అని చెప్పడానికి నాకే నోరు రాదు. ఇంట్లో ఆర్‌ఓ ఫిల్టర్ నుంచి వృథాగా పారే నీళ్లు పోస్తే సరి అని చాలామంది అనుకుంటారు, పొదుపుగానే కనిపిస్తుంది. అయితే ఆ నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. అసలే మన బోరు నీళ్లకు బకెట్ అంచున తెల్ల పొర కడుతుంది, ఈ నీళ్లు పోస్తే గడ్డి కొద్ది రోజుల్లోనే బిగుసుకుపోయి గాలి ఆడదు. ఆర్‌ఓ వృథా నీళ్లు బండలు కడగడానికి, బాత్రూముకు వాడండి, కూలర్‌కి కుళాయి నీళ్లే పోయండి, వారానికోసారి ట్యాంకు మొత్తం పారబోసి అడుగు రుద్దండి. ఉప్పూ పోతుంది, దోమా పుట్టదు. డెంగీ దోమ గుడ్డు పెట్టాక ఎగిరేదాకా వారం, పది రోజులు చాలు, శుక్రవారం డ్రై డే అని ఆశా వర్కర్లు ఇంటింటికీ తిరిగి చెప్పేది అందుకే.

ఈ గోలలో ఫ్యాన్‌ను మర్చిపోతాం. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, కరెంటు తక్కువ తినే మోటారుతో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ అదే గాలి 30 వాట్లకు ఇస్తుంది. కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ మీద ఏసీ లేవదు, కూలర్ కొంతసేపు లాగుతుంది, ఈ ఫ్యాన్ మాత్రం రాత్రి దాటిస్తుంది. అయితే మిట్టమధ్యాహ్నం గదిలో గాలే 40 దాటినప్పుడు ఏ ఫ్యాన్ తిప్పినా వడగాలే. అప్పుడు తడి తువ్వాలో కూలరో ఉండాల్సిందే.

మరి ఏసీ ఎవరికి? చంటిబిడ్డ, మంచం పట్టిన పెద్దవాళ్లు, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లు ఉంటే మొహమాటం లేకుండా పెట్టించండి, వడదెబ్బకు పొదుపు సూత్రాలు చెప్పలేం. కిటికీకి ఎదురుగా ఇంకో కిటికీ లేని, గాలి ఆడని గదికి కూడా ఏసీయే దిక్కు. పెట్టించినా 24 మీదో 26 మీదో ఉంచి ఫ్యాన్ తోడు వేయండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని కేంద్రం వాళ్ల ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది, 2020 నుంచి అమ్మే ఏసీలు ఆన్ చేయగానే 24లో ఉండేది అందుకే. సెకండ్‌హ్యాండ్ ఏసీ చవగ్గా వస్తుందని మాత్రం పోవద్దు. బాగా పాతవాటిలో చల్లబరిచేందుకు ఆర్22 అనే గ్యాస్ ఉంటుంది, గాలిలోకి లీకైతే అదే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,800 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది, ఇప్పటి ఏసీల్లో ఉండే ఆర్32 గ్యాస్‌కు అది 675 రెట్లు. పైగా పాత మిషన్ తాగే కరెంటు ముందు మిగిలిన డబ్బును రెండు ఎండాకాలాల్లో తినేస్తుంది.

అద్దె ఇల్లు, ఓనర్ సున్నం కొట్టనివ్వడంటారా, కొట్టే ఖర్చు మేమే పెట్టుకుంటాం అనండి, చాలామంది ఒప్పుకుంటారు. ససేమిరా అంటే నర్సరీలకు కట్టే పచ్చ నెట్ మిద్దె మీద నాలుగు కర్రలకు కట్టుకోండి, స్లాబ్‌కి కొంత నీడ, ఇల్లు మారేటప్పుడు చుట్టి పట్టుకుపోవచ్చు.