పారిస్‌లో మాకు చూపించకుండా ఎగ్గొట్టిన చోటు

2025 సెప్టెంబర్‌లో పారిస్‌లో ఆరు రోజులున్నాం. ఈఫిల్ టవర్, లూవ్ర్, పడవ ప్రయాణం అన్నీ బాగానే జరిగాయి. నేను రాస్తున్నది మాత్రం తిరుగుబాట్ల పారిస్ చూపిస్తామని మనిషికి 35 యూరోలు, ముగ్గురికి 105 తీసుకున్న గైడ్ గురించి.

మా అత్తయ్యది గుంటూరు జిల్లాలో పాత క్యాథలిక్ చర్చి ఉన్న ఫిరంగిపురం. 1871 తిరుగుబాటులో పారిస్ అగ్రపీఠాధిపతి (క్యాథలిక్ ఆర్చ్‌బిషప్) దర్బువాను కాల్చి చంపిన రోకెట్ జైలు చోటు చూడాలని ఆవిడ కోరిక. బుక్ చేసేటప్పుడే అడిగితే తప్పకుండా ఉంటుందన్నారు. తీరా బాస్టీల్ కూడలికి చేరాక గైడ్ "రోకెట్ జైలు ఎప్పుడో కూల్చేశారు, అక్కడేమీ లేదు" అని రెండు గంటల టూర్‌ని గంటా పది నిమిషాలకే ముగించి వెళ్ళిపోయాడు. డబ్బు వెనక్కివ్వమని రెండుసార్లు రాశాను, జవాబే లేదు. అత్తయ్య ఒక్క మాట అనలేదు గానీ ముఖం చిన్నబోయింది. అంతకుముందు 1848 కార్మికుల తిరుగుబాటులో, జూన్ 25న, అప్పటి అగ్రపీఠాధిపతి ఆఫ్ర్ కాల్పులు ఆపిద్దామని బారికేడ్ల దగ్గరికి వెళ్ళి తూటా తిన్నది కూడా ఆ బాస్టీల్ దగ్గరే, రెండు రోజులకు చనిపోయారు. అదీ చెప్పలేదు అతను.

రోకెట్ వీధి అక్కడే మొదలవుతుంది కాబట్టి మేమే నడిచాం. మోకాళ్ళ నొప్పితో అత్తయ్య రెండుచోట్ల కూర్చున్నారు. క్రువా ఫోబాన్ వీధి మలుపులో తారులో పొదిగిన ఐదు రాతి పలకలున్నాయి, జైలు గుమ్మం ముందు గిలటిన్ (తల నరికే యంత్రం) నిలబెట్టిన రాళ్ళు. అరిగి నున్నగా ఉన్నాయి, ఒకదాని అంచున సిగరెట్ పీక ఇరుక్కుంది, కార్లు వాటి మీద నుంచే పోతున్నాయి. ఏమీ లేదన్నాడే, ఇవేమిటి మరి?

దర్బువాను కమ్యూన్ వాళ్ళు, అంటే తిరగబడి పారిస్‌ను తమ చేతుల్లోకి తీసుకున్నవాళ్ళు, 1871 ఏప్రిల్ 4న పట్టుకున్నారు. ప్రభుత్వం ఖైదులో ఉన్న విప్లవ నాయకుడు బ్లాంకీని విడిచిపెడితే ఈయన్ని వదులుతామన్నారు, ప్రభుత్వాధినేత తియేర్ ఒప్పుకోలేదు. ఒక్క మనిషిని ఇస్తే పోయేది. మే 24 సాయంత్రం ఈ జైల్లోనే ఇంకో ఐదుగురితో కలిపి కాల్చేశారు. నాలుగు రోజులకు ఇదే వీధి చివర పేర్ లషేజ్ శ్మశానం గోడకు నిలబెట్టి ప్రభుత్వ సైన్యం 147 మంది కమ్యూన్ వాళ్ళను కాల్చింది. అది చెబితే అత్తయ్య "వాళ్ళకూ అమ్మలుంటారు కదా బాబూ" అని సంచిలోంచి జపమాల తీశారు.

మీరు వెళ్తే గైడ్ వద్దు, మెట్రోలో వోల్టేర్ స్టేషన్‌లో దిగండి, 2025లో టికెట్ 2.50 యూరోలు ఉండేది. నోట్రడామ్‌లో ఆలివ్ కొమ్మ పట్టుకుని ఒరిగిపోతున్న ఆఫ్ర్ విగ్రహం కూడా తప్పక చూడండి, లోపలికి టికెట్ లేదు. అత్తయ్య అక్కడ అరగంట కదల్లేదు.