నడుం నొప్పితో డాక్టర్ దగ్గరికి: గుర్తున్నది చెప్పడమా, రాసుకుని వెళ్లడమా?

చాలామంది గుర్తున్నది చెబుదాంలే అని బయల్దేరతారు. నొప్పి మొదలై రెండు మూడు రోజులే అయితే, బరువెత్తినప్పుడు పట్టేసిందని స్పష్టంగా తెలిస్తే, అది చాలు.

నెలల తరబడి వేధిస్తున్న నొప్పికి మాత్రం సరిపోదు. "ఎప్పటి నుంచి?" అనగానే "చాలా రోజులుగా" అనేస్తాం. ఆ రోజు కాస్త నెమ్మదించి ఉంటే, పోయిన వారం పడ్డ బాధ కూడా చిన్నదిగా అనిపిస్తుంది. అదే ఒక్క వారం చిన్న నోట్‌బుక్‌లో రాసి చూడండి: "మంగళవారం. లేవగానే గంటసేపు నడుం బిగుసుకుపోయింది. సాయంత్రం కూర్చుని ఉంటే కుడి పిరుదు నుంచి పిక్క దాకా లాగింది. దగ్గితే ఎక్కువైంది." ఈ నాలుగు ముక్కలు డాక్టర్‌కి ఎంతో చెబుతాయి. కాలిలోకి దిగే నొప్పి అయితే నరం నొక్కుకుంటోందేమో చూస్తారు. పొద్దున్నే ఎక్కువసేపు బిగుసుకుపోతుంటే కీళ్లవాతం లాంటిదేమో ఆరా తీస్తారు.

వాడే మందుల పేర్లు, మోతాదులు కూడా అదే పేజీలో రాయండి. రక్తం పలచబడే మందులు వేసుకునేవాళ్లకి కొన్ని నొప్పి మాత్రలు ప్రమాదం.

నా ఓటు రాసుకోవడానికే. అలాగని గంటగంటకూ నొప్పిని కొలుస్తూ కూర్చుంటే టెన్షన్ పెరుగుతుంది. రోజుకు రెండు మూడు వాక్యాలు చాలు.

మూత్రం రాకుండా ఆగిపోయినా, అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, కాలిలో బలం తగ్గుతున్నా రాస్తూ కూర్చోవద్దు. అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.