సెడ్డా, పైథాన్ పార్సరా, ఆజియసా? కాన్ఫిగ్ ఫైళ్లను స్క్రిప్టుతో మార్చడానికి ఏది మేలు

టీములోకి కొత్తగా వచ్చినవాళ్లు మొదటి నెలలోనే తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, ఈటీసీలో ఒక్క సెట్టింగ్ మార్చాలి. స్క్రిప్టులో ఒక సెడ్ లైను పెట్టేస్తే సరిపోదా?” (ఈటీసీ అంటే లినక్స్‌లో సెట్టింగుల ఫైళ్లు ఉండే డైరెక్టరీ, సెడ్ అంటే ఫైల్‌లోని లైన్లను వెతికి మార్చే కమాండ్.) మొన్నమొన్నటి దాకా “పెట్టెయ్, ఏముందిలే” అనేవాణ్ణి. ఇప్పుడు అనడం లేదు. దాని వెనక నా పరువు పోయిన కథ ఒకటుంది.

40 సర్వర్లలో ఎస్‌ఎస్‌హెచ్ పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయాలి, కీ ఉన్నవాళ్లే లోపలికి రావాలి. (ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి, కీ అంటే పాస్‌వర్డ్‌కు బదులు వాడే ఫైల్.) పని చిన్నదే. ముందు హ్యాష్ (లైనును కామెంట్‌గా మార్చే # గుర్తు) ఉన్నా లేకపోయినా ‘పాస్‌వర్డ్ అథెంటికేషన్’ అనే లైనును పట్టుకుని, దాని విలువను ‘నో’ చేసే సెడ్ కమాండ్ రాసి, లూప్‌లో అన్ని మెషిన్ల మీదా నడిపాను. అన్నిచోట్లా ఎగ్జిట్ కోడ్ 0, అంటే ఏ తప్పూ జరగలేదని. అయిపోయిందని మెయిల్ కూడా పెట్టేశాను. వారం తిరక్కుండానే ఆడిట్ చేసేవాళ్లు 6 మెషిన్లు ఇంకా పాస్‌వర్డ్ తీసుకుంటున్నాయని చూపించారు.

వాటిలో నాలుగింటి ఫైళ్లలో హ్యాష్ తర్వాత ఒక స్పేస్ ఉంది. నా ప్యాటర్న్‌లో లేదు. కాబట్టి ఆ లైను కామెంట్‌గానే ఉండిపోయింది. విలువ ఏదీ రాయకపోతే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ డిఫాల్ట్‌గా పాస్‌వర్డ్‌ను ఒప్పుకుంటుంది. మిగతా రెండింటి సంగతి ఇంకా తమాషా. అది తర్వాత చెబుతాను.

తప్పు నా ప్యాటర్న్‌దే. కానీ ప్యాటర్న్ తప్పడం మామూలే, ఎవరికైనా తప్పుతుంది. నన్ను కుదిపింది ఆ సున్నా. ఏమీ మార్చకపోయినా సెడ్ “అంతా బాగానే ఉంది” అంది. అప్పటినుంచి ఇలాంటి పనికి ఏ పనిముట్టు వాడాలన్నా ముందు ఒకటే చూస్తున్నాను: ఫైల్ తనకు అర్థం కానప్పుడు అది నోరు విప్పి చెబుతుందా, లేక తోచింది చేసేసి ఊరుకుంటుందా? వేగం, సింటాక్స్ అందం, డాక్యుమెంటేషన్ అన్నీ నా లెక్కలో దీని తర్వాతే.

ఈ కొలతతో చూస్తే సెడ్ గుడ్డెద్దు చేలో పడ్డట్టే. దానికి కనిపించేవి లైన్లు మాత్రమే. ఆ లైను ఫైల్‌లో ఎక్కడుంది, దేని కింద ఉంది అన్నది దానికి పట్టదు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ (ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ప్రోగ్రామ్) కాన్ఫిగ్ చివర ఒక గ్రూపు కోసం ‘మ్యాచ్’ బ్లాక్ పెట్టి, ఆ గ్రూపుకు మాత్రం పాస్‌వర్డ్ లాగిన్‌ను కావాలనే ఉంచి ఉంటారు. స్పేసుల సంగతి కూడా చూసుకుంటూ ప్యాటర్న్‌ను కాస్త వదులు చేశామా, ఆ బ్లాక్ లోపలి లైను కూడా మారిపోతుంది. బిగిస్తే తప్పిపోతుంది, వదిలితే పొరుగు లైనును కూడా పట్టుకుంటుంది. ఈ రెండింటి మధ్య సరైన ప్యాటర్న్ కోసం వెతకడంలోనే నా మధ్యాహ్నాలు చాలా పోయాయి.

ఇంకో సంగతి. సెడ్ ‘ఇన్-ప్లేస్’ మోడ్ అంటుంది గానీ ఉన్న ఫైల్‌ను అక్కడే మార్చదు. పక్కన కొత్త ఫైల్ రాసి, దాన్ని పాత పేరుకు రీనేమ్ చేస్తుంది. అందుకే మీరిచ్చిన పేరు సిమ్‌లింక్ (ఇంకో ఫైల్‌ను చూపే లింక్) అయితే లింక్ పోయి, దాని స్థానంలో మామూలు ఫైల్ కూర్చుంటుంది. ఇది జరక్కుండా ఆపే ఆప్షన్ గ్నూ సెడ్‌లో ఉంది, గుర్తుపెట్టుకుని ఇవ్వాల్సింది మనమే. కంటెయినర్ లోపల హోస్ట్స్ ఫైల్ మీద ప్రయత్నిస్తే ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అంటుంది. అది బైండ్ మౌంట్ (బయటి ఫైల్‌ను లోపల అతికించినది) కాబట్టి రీనేమ్ కుదరదు. చెప్పాలంటే ఆ ఎర్రర్ నాకు ముద్దొస్తుంది, కనీసం అక్కడైనా నోరు విప్పింది.

పైథాన్ వైపు వెళ్తే అందరూ ముందు పట్టుకునేది సెట్టింగుల ఫైల్‌ను చదివి అర్థం చేసుకునే కాన్ఫిగ్‌పార్సర్. లాంగ్వేజ్‌తోనే వస్తుంది, వేరే ఇన్‌స్టాల్ అక్కర్లేదు. చదవడానికి చక్కగా ఉంటుంది. తిరిగి రాయించినప్పుడే దాని బండారం బయటపడుతుంది. ఫైల్‌లోని కామెంట్లన్నీ పోతాయి. కీలన్నీ చిన్న అక్షరాల్లోకి మారిపోతాయి, వద్దనుకుంటే ఆప్షన్ ఎక్స్‌ఫామ్‌ను మనమే మార్చుకోవాలి. ఈక్వల్స్ గుర్తుకు రెండు పక్కలా స్పేసులు వచ్చి చేరతాయి. మీరు మార్చింది ఒక లైను, పాత, కొత్త ఫైళ్ల తేడా చూపే డిఫ్‌లో కనిపించేది ఫైల్ మొత్తం. నాకు స్పేసుల మీద పెద్ద పట్టింపు లేదు, కామెంట్ల మీద ఉంది. “ఈ టైమౌట్ తగ్గించొద్దు, బ్యాకప్ మధ్యలో తెగిపోతుంది” అని మూడేళ్ల కిందట ఎవరో రాసి పెట్టిన మాట ఆ ఒక్క ఫైల్‌లోనే ఉంటుంది. స్క్రిప్టు ఒకసారి నడిచిందంటే అది పోయినట్టే, ఎర్రర్ కూడా రాదు.

లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైళ్లు చూడ్డానికి ఐఎన్ఐ ఫైళ్లలాగే (సెక్షన్లు, వాటి కింద కీ-విలువ లైన్లు) ఉంటాయి కదా అని వాటి మీద కాన్ఫిగ్‌పార్సర్ వాడేవాళ్లున్నారు. అక్కడ ‘ఎన్విరాన్‌మెంట్’ లాంటి కీ ఒకే సెక్షన్‌లో రెండు మూడుసార్లు రావచ్చు. కాన్ఫిగ్‌పార్సర్ డిఫాల్ట్‌గా స్ట్రిక్ట్ మోడ్‌లో ఉంటుంది కాబట్టి డూప్లికేట్ ఆప్షన్ అంటూ ఆగిపోతుంది. ఆగడం మంచిదే. కానీ చాలామంది చేసేది స్ట్రిక్ట్ మోడ్ తీసేయడం. అప్పుడు చివరి విలువ ఒక్కటే మిగులుతుంది, తిరిగి రాస్తే ముందువన్నీ మాయం. పర్సెంట్ గుర్తు తలనొప్పి వేరే. సిస్టమ్‌డీకి అది ఇన్‌స్టెన్స్ పేరు లాంటివాటిని సూచించే గుర్తు, కాన్ఫిగ్‌పార్సర్‌కు ఇంటర్‌పొలేషన్, అంటే అక్కడ వేరే విలువను నింపమనే గుర్తు.

ఇక ఎఫ్ఎస్‌ట్యాబ్ (డిస్కుల పట్టిక), హోస్ట్స్ (మెషిన్ పేర్ల పట్టిక), సుడోయర్స్ (అడ్మిన్ హక్కులు ఎవరికో చెప్పేది) లాంటివి ఐఎన్ఐ ఫైళ్లే కావు. వాటికి ఎవరికి వారు స్ప్లిట్ పెట్టి సొంత పార్సర్ రాసుకుంటారు. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో పాత్ మధ్య స్పేస్ ఉంటే దాన్ని బ్యాక్‌స్లాష్ 040 అని రాస్తారన్న సంగతి అలా పార్సర్ రాసే ఎంతమందికి గుర్తుంటుంది? నాకైతే గుర్తులేదు.

యామల్, టామల్ అనే కాన్ఫిగ్ ఫార్మాట్లకు వరసగా రుయామెల్, టామల్‌కిట్ అనే పైథాన్ లైబ్రరీలు ఉన్నాయి. రెండూ కామెంట్లను నిలబెడతాయి. ఆ ఫార్మాట్లయితే అవే వాడండి, ఆలోచించే పని లేదు.

ఇప్పుడు నాకు నచ్చినదాని దగ్గరికి వస్తాను. ఆజియస్ అనే పేరు గ్రీకు పురాణంలోది. ముప్పై ఏళ్లు శుభ్రం చేయని పశువుల కొట్టం ఉన్న రాజు పేరు అది. ఈటీసీ డైరెక్టరీని చూసి ఈ పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. సీ భాషలో రాసిన లైబ్రరీ ఇది. పైథాన్, రూబీ, పెర్ల్ నుంచి పిలవొచ్చు, ఆగ్‌టూల్ అనే కమాండ్ నుంచీ వాడుకోవచ్చు. ఒక్కో రకం ఫైల్‌కు ఒక్కో ‘లెన్స్’ ఉంటుంది. లెన్స్ ఫైల్‌ను చదివి ట్రీగా (కొమ్మల్లా అమర్చిన నోడ్లుగా) మారుస్తుంది, మీరు ట్రీలో మార్చినదాన్ని తిరిగి అదే ఫైల్‌గా రాస్తుంది. రెండు దిక్కులకూ వర్ణన ఒకటే. అందువల్ల మీరు ముట్టుకోని లైన్లు, కామెంట్లు, ట్యాబులు అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. డిఫ్ తీస్తే మార్చిన లైను మాత్రమే కనిపిస్తుంది.

నన్ను గెలుచుకున్నది మాత్రం అది కాదు, దాని మొండితనం. పైన చెప్పిన మ్యాచ్ బ్లాక్ సంగతే తీసుకోండి. ఫైల్‌లో మ్యాచ్ బ్లాక్ ఉండి, మీరు పెట్టే సెట్టింగ్ ముందు లేకపోతే, ఆజియస్ కొత్త నోడ్‌ను ట్రీ చివరన, అంటే మ్యాచ్ తర్వాత చేరుస్తుంది. సేవ్ చేయబోతే లెన్స్ ఒప్పుకోదు. మ్యాచ్ తర్వాత గ్లోబల్ సెట్టింగ్ రావడానికి వీల్లేదని దానికి తెలుసు. సేవ్ ఫెయిలవుతుంది, పైథాన్‌లో ఎక్సెప్షన్ వస్తుంది, ఫైల్ చెక్కుచెదరదు. ముందు మ్యాచ్‌కు పైన ఖాళీ నోడ్ ఒకటి ఇన్సర్ట్ చేసి, ఆ తర్వాత విలువ పెట్టాలి. మొదటిసారి ఇది ఎదురైనప్పుడు తిట్టుకున్నాను. అదే పని సెడ్‌తోనో ఎకోతోనో చేసి ఉంటే ఆ లైను చివర చేరి, మ్యాచ్ బ్లాక్‌లో భాగమైపోయి, ఒక్క గ్రూపుకే వర్తించేది. మళ్లీ ఎగ్జిట్ కోడ్ 0.

దానికీ లోపాలున్నాయి, అవీ చిన్నవి కావు. లెన్స్‌కు ఫైల్ అర్థం కాకపోతే ఆ ఫైల్ ట్రీలోకే రాదు. అప్పుడు విలువ అడిగితే పైథాన్‌లో ‘నన్’ (ఏమీ లేదని) వస్తుంది. సెట్టింగ్ లేదు కాబోలు అని మీ స్క్రిప్టు అనుకుంటుంది. ఎర్రర్ వేరే చోట, ఆజియస్ సొంత కొమ్మ కింద రాసి ఉంటుంది. లోడ్ అవగానే అక్కడ ఏమైనా ఉందా అని అడిగి, ఉంటే ఆపేయడం మన బాధ్యత. నా ప్రతి స్క్రిప్టులోనూ మొదటి నాలుగు లైన్లు దానికే. డిస్ట్రో పాతది, దాంతో వచ్చిన లెన్స్ పాతది, ఫైల్‌లో వాడిన సింటాక్స్ కొత్తది అయినప్పుడు ఇది తరచూ జరుగుతుంది. సొంతంగా లెన్స్ రాయడమంటారా, ఎంఎల్ (మెషిన్ లెర్నింగ్ కాదు, ఒక ప్రోగ్రామింగ్ భాష) తరహా భాషలో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో కుస్తీ. ఒకటి రాశాను, రెండోది రాయను.

ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ కీవర్డులను పెద్ద అక్షరాల్లో రాసినా చిన్న అక్షరాల్లో రాసినా ఒకటే అంటుంది. ఆజియస్ మాత్రం ఫైల్‌లో ఎలా ఉంటే అలాగే నోడ్ పేరు పెడుతుంది. ఎవరైనా అంతా చిన్న అక్షరాల్లో రాసి ఉంటే మీ వెతుకులాటకు అది దొరకదు. ఇక్కడ నేను ఆజియస్‌ను వెనకేసుకు రాను.

వెబ్‌సైట్లకు సెక్యూరిటీ సర్టిఫికెట్లు తెచ్చిపెట్టే సర్ట్‌బాట్ వాళ్లు అపాచీ వెబ్ సర్వర్ ప్లగిన్‌కు ఆజియస్ వాడారు, ఎంజిన్ఎక్స్ ప్లగిన్‌కు మాత్రం సొంత పార్సర్ పెట్టుకున్నారు. అన్ని ఫార్మాట్లకూ ఒకే మందు లేదని అక్కడే అర్థమవుతుంది.

చాలా మెషిన్లను ఒకేసారి సెట్ చేసే ఆన్సిబుల్ వాడేవాళ్లు అందులోని లైన్-ఇన్-ఫైల్ సంగతేంటని అడుగుతారు. అది మర్యాద తెలిసిన సెడ్. ఫైల్‌ను రాసే ముందు ‘వ్యాలిడేట్’తో పరీక్షించే సదుపాయం దానికున్న గొప్ప గుణం. ఒక్క మెలిక చూసుకోండి: ప్యాటర్న్‌కు సరిపోయే లైన్లు రెండుంటే అది మార్చేది చివరిదాన్ని. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ లెక్కలోకి తీసుకునేది మొదటిదాన్ని.

ఇప్పుడు ఆ మిగిలిన రెండు మెషిన్ల కథ. వాటిలో నా సెడ్ సరిగ్గానే పనిచేసింది, మెయిన్ ఫైల్‌లో ‘నో’ అనే ఉంది. కానీ ఫైల్ పైనే వేరే ఫైళ్లను లోపలికి లాగే ఇన్‌క్లూడ్ లైను ఉంది. ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 8.2తో, అంటే 2020లో వచ్చిన సదుపాయం ఇది. అది చూపే డ్రాప్-ఇన్ డైరెక్టరీలో (అదనపు సెట్టింగుల ఫైళ్లు ఉంచే చోటు) క్లౌడ్-ఇనిట్ (క్లౌడ్ మెషిన్‌ను మొదటిసారి సిద్ధం చేసే ప్రోగ్రామ్) పెట్టిన ఫైల్‌లో ‘యెస్’ అని ఉంది. ముందు కనిపించిన విలువదే గెలుపు కాబట్టి నా ‘నో’ను ఎవరూ చదవనే లేదు. ఇక్కడ ఆజియస్‌తో మెయిన్ ఫైల్‌ను ఎంత అందంగా మార్చినా ఫలితం ఇదే. ఫైల్ సింటాక్స్ వరకే దాని తెలివి. చివరికి ఏ విలువ అమల్లో ఉందో చెప్పగలిగింది సర్వర్ ప్రోగ్రామే. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి పెద్ద టీ ఆప్షన్ ఇస్తే అమల్లో ఉన్న సెట్టింగులన్నీ రాసి చూపిస్తుంది. ఆ రోజు మెయిల్ పెట్టే ముందు అది నడిపి ఉంటే సరిపోయేది.

అందుకే డ్రాప్-ఇన్ కుదిరే చోట అసలు ఎడిటింగే పెట్టుకోవద్దంటాను. కొత్త ఫైల్ ఒకటి రాసి పడేయడమే. ఉన్న ఫైల్‌ను ముట్టుకోలేదు కాబట్టి ప్యాకేజీ అప్‌గ్రేడ్‌లో “మీ ఫైల్ ఉంచాలా, కొత్తది పెట్టాలా” అని డెబియన్ మధ్యలో ఆగి అడగదు, రెడ్ హ్యాట్ తరహా సిస్టమ్‌లలో ‘ఆర్పీఎం-న్యూ’ ఫైళ్లు పేరుకుపోవు. వరస మాత్రం చూసుకోవాలి. ఎస్‌ఎస్‌హెచ్‌లో ముందు వచ్చినదే గెలుస్తుంది కాబట్టి ఫైల్ పేరు ముందు 10 పెడతాను. కెర్నల్ సెట్టింగులు మార్చే సిస్‌కంట్రోల్‌లో చివరిదే గెలుస్తుంది, అక్కడ 99. సిస్టమ్‌డీలో ‘ఎగ్జెక్ స్టార్ట్’ (సర్వీసును మొదలుపెట్టే కమాండ్) మార్చాలంటే ముందు దాన్ని ఖాళీగా ఒకసారి రాసి, తర్వాత కొత్తది రాయాలి. సుడోయర్స్ డైరెక్టరీలో ఫైల్ పేరులో చుక్క ఉంటే సుడో దాన్ని చదవకుండా వదిలేస్తుంది. అలవాటుకొద్దీ చివర ‘డాట్ కాన్ఫ్’ తగిలించామా, ఫైల్ ఉన్నా లేనట్టే.

నా 40 మెషిన్ల స్క్రిప్టు ఇప్పుడు ఇలా ఉంది. డ్రాప్-ఇన్ డైరెక్టరీ ఉంటే అక్కడ ఫైల్ పెడుతుంది. లేని పాత మెషిన్లలో ఆజియస్‌తో మారుస్తుంది. ముందు ‘న్యూఫైల్’ మోడ్‌లో నడుపుతాను, అది అసలు ఫైల్ జోలికి పోకుండా పక్కనే ‘ఆగ్-న్యూ’ పేరుతో కొత్త ఫైల్ రాస్తుంది. డిఫ్ చూసుకున్నాకే అసలు సేవ్. తర్వాత ఎస్‌ఎస్‌హెచ్‌డీ చిన్న టీ ఆప్షన్‌తో సింటాక్స్ పరీక్ష, పెద్ద టీతో విలువ పరీక్ష, రెండూ దాటితేనే రీలోడ్. రీలోడ్ అయ్యేదాకా ఒక సెషన్ తెరిచే ఉంచుతాను. సెడ్‌ను పూర్తిగా తీసేయలేదు. లాగిన్ అయినప్పుడు కనిపించే బ్యానర్‌లో మెషిన్ పేరు నింపడానికి ఒక్కచోట ఉంది. ఆ టెంప్లేట్ నేనే రాసింది, మార్చాల్సిన చోట నేనే గుర్తు పెట్టుకున్నాను, తప్పినా బ్యానర్‌లో పేరు తప్పు పడుతుందంతే.