కొయ్యా ఇనుమూ కలిసే చోట: హైదరాబాద్‌లో పాత వేట తుపాకులు

పాత తుపాకులు చూడ్డానికి హైదరాబాద్ వచ్చేవాళ్లకి ముందుగా ఒక మాట: శుక్రవారం రావద్దు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం, మూడింటికీ ఆ రోజే సెలవు. మామూలు రోజుల్లో పొద్దున తలుపులు తీయగానే సాలార్‌జంగ్‌లోకి వెళ్తే ఆయుధాల గ్యాలరీలో తొక్కిసలాట ఉండదు. జనమంతా ముందు ముసుగు రెబెక్కా శిల్పం దగ్గరికీ, గంటలు కొట్టే గడియారం దగ్గరికీ వెళ్తారు.

నన్ను అక్కడ కట్టిపడేసినవి వత్తి తుపాకులు. మందుకి నిప్పంటించేది మండే వత్తి. గొట్టం పొడుగు, కొయ్య సన్నం, మీద బంగారు తీగ పని. ఉక్కుని సన్నగా గీసి, ఆ గీతల్లో తీగ పెట్టి సుత్తితో కొట్టి అతికించే ఆ పనిని కోఫ్త్‌గిరి అంటారు. చాలామంది బంగారం చూసి ముందుకి కదిలిపోతారు. నేను చూసేది గొట్టం కొయ్యలో కూర్చున్న గీతని. మంచి పనివాడి చేతిలో అక్కడ వెంట్రుక దూరేంత సందు కూడా ఉండదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు డమాస్కస్ కత్తుల దాకా వెళ్లిందని గుర్తుంటే, ఈ అద్దాల ముందు ఇంకాస్త సేపు నిలబడాలనిపిస్తుంది.

చౌమహల్లాలో తుపాకులూ కత్తులూ ఉన్నాయి గానీ, అక్కడ అసలు గొప్ప ఖిల్వత్ దర్బారు హాలుది. ఆ కట్టడాలని బాగుచేసిన పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. నిజాం మ్యూజియానికి నేను వెళ్లింది మహబూబ్ అలీ ఖాన్ కోసం. పులుల వేటలో పేరు మోసిన ఆరో నిజాం ఆయనే. ఆయన బట్టలు దాచిన రెండంతస్తుల కొయ్య బీరువా వరస చూసి తీరాలి. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండలో వేటాడిన పులితో దిగిన ఫొటో కూడా ఆ కాలానిదే. ఇక చూసినవాటిలో ఒక చోట లేబుల్ మీద ‘తుపాకీ’ అని తప్ప ఇంకేమీ లేదు. ఎవరు చేశారు, ఏ బోరు (గొట్టం లోపలి వెడల్పు), ఎక్కడిది అన్నవి రాస్తే చూసేవాళ్లకి ఎంత మేలు!

బస సంగతి. నాంపల్లి స్టేషన్ దగ్గర దిగిన లాడ్జిలో వేడినీళ్లు రాలేదు, రాత్రంతా లిఫ్ట్ మోత. లక్డీకాపూల్‌కి మారాక హాయిగా ఉంది. అక్కడ మెట్రో ఎక్కితే రైలు మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు, మ్యూజియం అక్కణ్ణుంచి దగ్గరే. ఆటో బేరాల టెన్షన్ లేదు.

ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా విలువైన పూట బంజారాహిల్స్‌లో, మా మిత్రుడి మేనమామగారింట్లో గడిచింది. వాళ్ల తాతగారి జంట గొట్టాల రైఫిల్ ఆయన దగ్గర లైసెన్సుతో ఉంది. పెద్ద జంతువుల వేటకి వాడే 470 నైట్రో ఎక్స్‌ప్రెస్ అనే తూటాకి చేసింది. బర్మింగ్‌హామ్ వెస్ట్లీ రిచర్డ్స్ తయారీ. ముందు గొట్టాలు తెరిచి ఖాళీగా ఉన్నాయని చూపించి, “చేతుల్లోకి తీసుకో బాబూ, ట్రిగ్గర్ జోలికి మాత్రం వెళ్లకు” అన్నారు. ఐదు కిలోల దాకా బరువుంటుంది, భుజానికి ఎత్తితే అంత అనిపించదు. తూకం అంతా రెండు చేతుల మధ్యే ఉంది. అడుగున మూత తెరిచి, ఏ పనిముట్టూ లేకుండా లాకులు (తూటాని పేల్చే యంత్రాలు) రెండూ వేళ్లతో బయటికి తీశారు. ఆ కంపెనీ 1897లో తెచ్చిన ఏర్పాటు అది. లాకుల లోపలి భాగాలు కూడా అద్దంలా మెరుస్తున్నాయి. ఎవరూ చూడని చోట అంత మెరుగు పెట్టిన పనివాడికి దండం పెట్టాలనిపించింది.

జంట గొట్టాల్ని సమాంతరంగా పెడితే గుళ్లు ఒక చోట పడవు. కాల్చినప్పుడు తుపాకీ ఒక్కో గొట్టానికి ఒక్కో పక్కకి తన్నుతుంది. అందుకే కొసల్ని కాస్త దగ్గరికి తెచ్చి టంకం వేస్తారు. కాల్చి చూసి, టంకం కరిగించి, మధ్యలోని చిన్న ఇనుప ముక్క జరిపి, మళ్లీ కాలుస్తారు. రెండు గుళ్లూ కలిసేదాకా ఇదే పని. వెల ఎందుకంత ఉంటుందో అప్పుడు అర్థమవుతుంది.

బోరు వెనక కూడా చరిత్ర ఉంది. అదే 450 బోరు మార్టినీ-హెన్రీ సైనిక తుపాకులున్న తిరుగుబాటుదారులకి తూటాలు అందుతాయన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశంలో 450 బోరుని నిషేధించింది. అప్పుడే 470 వచ్చింది, 1907లో హాలండ్ అండ్ హాలండ్ వాళ్ల 465 వచ్చింది.

పెట్టె కూడా తుపాకీకి తగ్గట్టే ఉంది. ఓక్ చెక్క మీద తోలు, మూలలకి ఇత్తడి, లోపల ఎర్ర బనాతు. గొట్టం తుడిచే కడ్డీ, నూనె సీసా, స్క్రూడ్రైవర్లు, మందు లేని ఉత్త తూటాలు, దేని గూట్లో అది. వాల్‌నట్ కొయ్యకి ఆయన ఇప్పటికీ అరచేత్తో అవిసె నూనె రుద్దుతారు. 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయింది, ఆగాల్సిందే. పని మాత్రం చెడకూడదు కదా. 2019 సవరణ తర్వాత ఒకరి దగ్గర రెండు తుపాకులకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినవాటినీ లెక్కలోకి తీసుకుంటారు. ఆయన మూడోదాన్ని లైసెన్సున్న డీలర్‌కి అప్పగించేశారు.

డబ్బు దండిగా ఉంటే 2010 నుంచి హోటల్‌గా నడుస్తున్న ఫలక్‌నుమాలో ఒక రాత్రి ఉండొచ్చు, అయితే తుపాకుల కోసం ఆ ఖర్చు అక్కర్లేదు. ఒక్క పూటే ఉంటే సాలార్‌జంగ్‌కే కేటాయించండి, చౌమహల్లా ఇంకోసారి చూడొచ్చు.